నల్లమల షికారు

తెలుగులో ‘షికారు’ అనే మాట చాలా దూరం నడిచొచ్చింది. పారశీకం నుంచి ఉర్దూ మీదుగా మనకు చేరిన ఈ మాటకు అసలు అర్థం వేట. షికారీ అంటే వేటగాడు. దక్కనులో నవాబులు, దొరలు షికారుకు బయల్దేరారంటే తుపాకులు, డప్పులు, గుడారాలు, ఏనుగులు వెంట కదిలేవి. అదే మాట తెలుగువాళ్ళ నోట్లో పడి మెత్తబడింది. సాయంత్రం టాంక్‌బండ్ మీద గాలికి తిరగడం షికారు. పిల్లల్ని స్కూటరెక్కించుకుని ఊరు చుట్టి రావడం షికారు. పిట్ట కూడా చావని షికారు.

సఫారీ కూడా అలాంటిదే. అరబ్బీలో ‘సఫర్’ అంటే ప్రయాణం. హైదరాబాదులో ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో ఆ మాట ఇప్పటికీ రోజూ వినపడుతుంది. అరబ్బు వర్తకుల వెంట అది తూర్పు ఆఫ్రికా తీరం చేరి, స్వాహిలీలో ‘సఫారీ’ అయింది. అక్కడినుంచి ఇంగ్లీషులోకి పోయి, కెన్యా మైదానాల్లో తెల్లదొరల వేటయాత్రకు పేరుగా స్థిరపడింది. తిరిగి తిరిగి ఇవాళ నల్లమలకు వచ్చింది. ఇప్పుడు దాని అర్థం జీపులో కూర్చుని, నోరు మెదపకుండా, అడవిని చూసి రావడం.

నల్లమల కూడా ఈ మాటల వెంటే నడిచింది. తుపాకీ పట్టినవాళ్ళు వెళ్ళిన బాటలో ఇప్పుడు కెమెరా పట్టినవాళ్ళు వెళ్తున్నారు. మాట మారినంత సులువుగా మనిషి మారలేదు. ఆ మార్పు వచ్చేలోగా చాలా పులులు పోయాయి. అయితే వచ్చినవాళ్ళు భక్తులైనా, వేటగాళ్ళైనా, పరిశోధకులైనా, పర్యాటకులైనా వాళ్ళకు ముందు నడిచింది ఈ అడవిలోనే బతికే చెంచులే. వేటాడినవాళ్ళ గురించీ, కాపాడినవాళ్ళ గురించీ పుస్తకాలున్నాయి. దారి చూపినవాళ్ళ వైపు నుంచి ఈ అడవి చరిత్ర చెప్పినవాళ్ళు తక్కువ.

తూర్పు కనుమల్లో, కృష్ణా పెన్నా నదుల నడుమ సాగే కొండల వరస నల్లమల. కృష్ణకు ఉత్తరాన ఉన్న అమ్రాబాద్ పీఠభూమిని కూడా జనం నల్లమల అనే పిలుస్తారు. ఇది ఆకురాల్చే అడవి. నారేపి, నల్లమద్ది, చిరుమాను, తునికి, ఇప్ప, వెదురు. ఏప్రిల్‌లో వెళ్తే మోడులు, బండలు, ఎండుటాకులు. తొలకరి పడిన పదిహేను రోజులకు వెళ్తే అదే చోటును పోల్చుకోవడం కష్టం. ఎండాకాలంలో అడవి బతుకంతా నీళ్ళ చుట్టూ చేరుతుంది. వాగుల్లో మిగిలిన మడుగులు, ఇసుకలో ఊరే చెలమలు, కొండ మొదట్లో ఎండని ఒకటో రెండో కుంటలు. కణితి అక్కడికే రావాలి, దుప్పి అక్కడికే రావాలి, వాటి కోసం పెద్దపులీ అక్కడికే రావాలి. ఏ నీరు ఏ నెల దాకా నిలుస్తుందో తెలిసినవాడికి పులి ఎక్కడుందో సగం తెలిసినట్టే. చెంచుకు ఉన్న మొదటి విద్య ఇది.

వేటగాళ్ళ కంటే ఎంతో ముందు ఈ అడవిలోకి వచ్చింది భక్తులు. శ్రీశైలం నడి అడవిలో ఉంది. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో ఈ పర్వత యాత్రను విస్తారంగా వర్ణించాడు. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి కొండకు మెట్లు కట్టించాడు. దక్షిణ దండయాత్రలో భాగంగా 1677లో శివాజీ వచ్చాడు. 1794లో కాలిన్ మెకంజీ వచ్చాడు; తర్వాతి రోజుల్లో మన ఊళ్ళ కైఫీయతులు పోగు చేయించిన మెకంజీయే. శ్రీశైలం మీద ఆయన రాసిన వ్యాసం ఏషియాటిక్ రిసెర్చెస్‌లో అచ్చయింది.

మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామి 1830 మే 18న కాశీయాత్రకు బయల్దేరారు. పెద్ద పరివారంతో, పల్లకీలో. దారిలో శ్రీశైలం చూసుకోవాలని ఆత్మకూరు వైపు నుంచి నల్లమలలోకి ప్రవేశించి, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా కొండెక్కారు. అడవి దారి కష్టాలు, యాత్రికుల దగ్గర కందనూరు (కర్నూలు) నవాబు వసూలు చేయించే పన్ను, దారి కాసే చెంచులు, అన్నీ ఆయన కంటబడ్డాయి. తెలుగులో వచ్చిన తొలి యాత్రాగ్రంథంలోనే నల్లమల ఉందన్న మాట. ఉగాది ముందు కర్ణాటక నుంచి వేలమంది భక్తులు శ్రీశైలం మల్లన్న దగ్గరికి కాలినడకన వస్తారు. వాళ్ళు ఇప్పటికీ నడిచేది ఇంచుమించు వీరాస్వామి వెళ్ళిన బాటలోనే.

యాత్రికులను దొంగల నుంచి, మృగాల నుంచి కాచి కొండకు చేర్చడం చెంచులకు పాత బాధ్యత. దానికి ప్రతిఫలంగా ఎంతో కొంత ముట్టేది. మల్లన్నతో వాళ్ళకు చుట్టరికం కూడా ఉంది. చెంచు ఆడపడుచును చేసుకున్న మల్లన్న వాళ్ళకు అల్లుడు. అహోబిలంలో నరసింహస్వామి చెంచులక్ష్మిని చేసుకుని ఇంకో ఆడపడుచుకు మొగుడయ్యాడు. శైవమైనా వైష్ణవమైనా నల్లమలలో దేవుడు నిలదొక్కుకోవాలంటే చెంచులతో వియ్యమందక తప్పలేదు. సినిమా చూసి చెంచులక్ష్మిని ఎరిగిన తెలుగువాళ్ళకు ఈ కథ వెనకున్న అసలు అడవి, అసలు మనుషులు అంతగా తెలియరు.

తర్వాత తుపాకులు వచ్చాయి.

కృష్ణకు దక్షిణాన కర్నూలు 1839లో కుంఫిణీ చేతిలోకి పోయింది. మద్రాసు అటవీ చట్టం 1882లో వచ్చాక అడవికి హద్దురాళ్ళు పడ్డాయి, రిజర్వు అనే మాట పుట్టింది. ఉత్తరాన అమ్రాబాద్ వైపు నిజాం ఏలుబడి. అక్కడ ఎత్తైన పీఠభూమి అంచున ఉన్న ఫర్హాబాద్‌కు ఆ పేరు ఊరికే రాలేదు. పారశీకంలో ‘ఫరహ్’ అంటే ఆనందం. కింద హైదరాబాదు ఉడికిపోతున్నప్పుడు ఇక్కడ గాలి చల్లగా ఉంటుంది. నిజాం షికారు బంగళా ఇక్కడే ఉండేదని చెబుతారు. ఇప్పుడు సఫారీ వాహనాలు వెళ్ళి ఆగేదీ ఆ కొండ అంచునే.

ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ గురి తప్పని వేటగాడుగా పేరుపడ్డాడు. వేట ఆయనకు కాలక్షేపం మాత్రమే కాదు, రాచకార్యం కూడా. తెల్లదొరలు అతిథులుగా వస్తే హైదరాబాదు సంస్థానం చూపే పెద్ద మర్యాద పులి వేట. 1902లో వైస్రాయి కర్జన్ వరంగల్ దగ్గర నెక్కొండలో షికారు శిబిరానికి వచ్చినప్పుడు, చంపిన పులిని ముందు పెట్టుకుని భార్యతో కలిసి తీయించుకున్న ఫొటో ప్రసిద్ధం. అది తీసింది నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ స్టూడియో. ఆ కాలపు షికారు ఫొటోలు వరసగా చూస్తూ పోతే ఒకటి తెలుస్తుంది. ముందు వరసలో దొర, దొరసాని, పులి. వెనకా పక్కనా చిన్నగా, మసకగా, పేరు లేకుండా నిలబడిన మనుషులు. పులిని వెతికిపెట్టింది వాళ్ళే.

వేట పద్ధతి తెలిస్తే వాళ్ళ పని ఎంతటిదో అర్థమవుతుంది. ముందుగా అడుగుజాడలు చూసి పులి తిరిగే దారి పట్టాలి. ఆ దారిలో దున్నదూడను కట్టేయాలి. రాత్రి పులి దాన్ని కొట్టి, తినగలిగినంత తిని, దగ్గర్లోని నీళ్ళ పక్కన నీడలో పడుకుంటుంది. తెల్లారి మనిషి వెళ్ళి చూసి రావాలి. పులి అక్కడే ఉందని, వెళ్ళిపోలేదని ఖాయం చేయాల్సింది అతనే. చేతిలో గొడ్డలి, విల్లు తప్ప ఏమీ ఉండవు. ఆ కబురు అందాక దొర కదులుతాడు. ఒక పక్క చెట్ల మీద మంచెలు కడతారు. ఇంకో పక్కనుంచి పదుల మంది, ఒక్కోసారి వందల మంది, డప్పులు కొడుతూ, కేకలు వేస్తూ అడవిని తోసుకుంటూ వస్తారు. దాన్ని హాకా అనేవారు. పులి మంచెల వైపు నడిచి వస్తుంది. దొర ట్రిగ్గరు నొక్కుతాడు. తర్వాత అచ్చయ్యే పుస్తకంలో ధైర్యమంతా ఆ ఒక్క వేలిదే అయివుంటుంది. హాకాలో గాయపడిన పులి ఎదురు తిరిగితే ముందు దొరికేది నేల మీద ఉన్నవాడు.

ఈ విషయంలో బెంగళూరు వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ కొంత నయం. 1954లో వచ్చిన ఆయన మొదటి పుస్తకంలో అప్పటి చిత్తూరు జిల్లా చామలలోయ నరభక్షి కథ ఒక అధ్యాయం. అదే పుస్తకంలో తనకు అడవి నేర్పిన బైరా అనే పూజారి తెగ మనిషికి ఒక అధ్యాయమంతా ఇచ్చాడు. చామల ఉన్న శేషాచలం కొండల్లో 353 చదరపు కిలోమీటర్లు 1989లో శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు అయ్యాయి. నల్లమల నుంచి దక్షిణంగా శేషాచలం దాకా పులులు మళ్ళీ తిరగగలిగే దారిని కాపాడాలని అటవీ శాఖ చూస్తున్నది ఆ కొండల కోసమే.

1940లో నల్లమలకు వచ్చిన మనిషి చేతిలో మాత్రం తుపాకీ లేదు, నోటుపుస్తకం ఉంది. వియన్నాలో చదివిన క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ రెండో ప్రపంచయుద్ధం మొదలయ్యేసరికి భారతదేశంలో ఉన్నాడు. చేతిలో జర్మన్ పాస్‌పోర్టు. ఆస్ట్రియాను హిట్లర్ అంతకుముందే కలిపేసుకున్నాడు కనుక బ్రిటిషువాళ్ళ లెక్కలో ఆయన శత్రుదేశస్థుడు. హైదరాబాదు సంస్థానం దాటకూడదన్న షరతు పడింది. దాటకుండానే ఏం చేయగలనని చూసుకుని, భార్య బెట్టీతో కలిసి అమ్రాబాద్ చెంచుల దగ్గరికి వెళ్ళాడు. పెంటల్లో వాళ్ళతో గడిపాడు. చెంచుల ఊరిని పెంట అంటారు. దోమలపెంట, సున్నిపెంట పేర్లలో అదే ఉంది. గడ్డలు తవ్వే ఇనుపమొన కర్ర, తేనె కోసం కొండచరియ మీంచి జారవిడిచే తాళ్ళు, పెంటలు మారే వేళలు, గారెలమైసమ్మకు పెట్టే మొక్కులు, ఒక్కొక్కటీ రాసుకున్నాడు. ‘ది చెంచూస్’ 1943లో అచ్చయింది. ఇప్పటికీ దానికి సాటి పుస్తకం రాలేదు.

తేనె గురించి చెంచులు చెప్పే మాట ఒకటుంది. కొండ అంచున వేలాడే మనిషి తాడును పైన పట్టుకోవాల్సినవాడు అతని భార్య తమ్ముడో అన్నో. తన ఆడబిడ్డ పసుపుకుంకుమలు తన చేతిలో ఉన్నాయని తెలిసినవాడు తాడు వదలడు. అడవిలో బతకడానికి కావలసిన నమ్మకాన్ని చుట్టరికం మీద నిలబెట్టుకున్న మనుషులు వీళ్ళు. హైమెన్‌డార్ఫ్‌కు వాళ్ళ మీద కలిగిన గౌరవం కాగితం మీదే ఆగిపోలేదు. చెంచులు తమ పద్ధతిలో తాము బతకడానికి కొంత అడవిని ప్రత్యేకించాలని ఆయన చేసిన సిఫార్సు మీద నిజాం ప్రభుత్వం 1940లలో అమ్రాబాద్ పీఠభూమిలో చెంచు రిజర్వు ఏర్పాటు చేసింది. పులుల కోసం రిజర్వు రావడానికి నాలుగు దశాబ్దాల ముందే ఇక్కడ మనుషుల కోసం రిజర్వు ఉండేది. అమ్రాబాద్ గురించి ఇవాళ జరిగే ఏ చర్చలోనైనా ముందు గుర్తు చేసుకోవాల్సిన సంగతి ఇది.

స్వాతంత్ర్యం వచ్చాక వేట తగ్గలేదు, పెరిగింది. రాజులకూ దొరలకూ మాత్రమే ఉన్న సరదా లైసెన్సు, జీపు, టార్చిలైటు ఉన్న ప్రతివాడికీ అందుబాటులోకి వచ్చింది. విదేశీయులను డబ్బు తీసుకుని పులివేటకు తీసుకెళ్ళే షికారు కంపెనీలు 1950, 60లలో దేశమంతటా నడిచాయి. 1970లో పులివేటను నిషేధించారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. ఆ ఏడాదే దేశమంతా పులులను లెక్కపెడితే తేలినవి 1,827. అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 35. మరుసటి ఏడు ఏప్రిల్ 1న ప్రాజెక్ట్ టైగర్ మొదలైనప్పుడు తీసుకున్న తొమ్మిది అడవుల్లో మనది ఒక్కటీ లేదు. నల్లమలలో కృష్ణకు ఇరువైపులా ఉన్న అడవిని 1978లో నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యంగా ప్రకటించారు; 1983లో పులుల రిజర్వు చేశారు. విస్తీర్ణంలో దేశంలోనే అతి పెద్దది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు అడవి కూడా రెండైంది. ఉత్తరాన 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ రిజర్వు తెలంగాణకు వచ్చింది, నాగార్జునసాగర్–శ్రీశైలం పేరు ఆంధ్రప్రదేశ్‌లో ఉండిపోయింది. పులులకు ఈ పంపకం పట్టదు. అవి కృష్ణను ఈదుతాయి.

పేర్ల విషయంలో చాలామంది పొరబడతారు. ఇంత పెద్ద అడవి ‘జాతీయ పార్కు’ కాదు. తెలంగాణలో ఆ హోదా ఉన్న మూడూ హైదరాబాదులోనో దాని అంచునో ఉన్నాయి: వనస్థలిపురం దగ్గర మహావీర్ హరిణ వనస్థలి, చిలుకూరు మృగవని, జూబ్లీహిల్స్ కేబీఆర్ పార్కు. హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాముల వేటమైదానం. కేబీఆర్‌లో పొద్దున్నే నడిచేవాళ్ళు చట్టం ప్రకారం జాతీయ పార్కులో షికారు చేస్తున్నట్టే. నల్లమల మాత్రం అభయారణ్యం, పులుల రిజర్వు.

వేట ఆగాక పులిని వెతకాల్సిన పని ఆగలేదు. కొట్టడానికి బదులు లెక్కపెట్టడానికి వెతికారు. ఒడిశా అటవీ అధికారి సరోజ్‌రాజ్ చౌధురి రూపొందించిన పద్ధతిలో, దుమ్ములో పడిన పులి పాదముద్ర మీద గాజుపలక పెట్టి గీత గీసుకునేవారు. మగపులి వెనకకాలి ముద్ర దాదాపు చదరంగా, ఆడపులిది కొంచెం పొడవుగా ఉంటుంది. ఒక్కో పులిని దాని ముద్రతో గుర్తుపట్టి ఎన్నున్నాయో తేల్చేవారు. సర్కారు బూట్లు వేసుకున్న సిబ్బంది వెంట చెంచులు నడిచారు. ముద్ర నిన్నటిదా ఇవాళ్టిదా, దాని మీద మంచు పడకముందుదా పడ్డాకదా, దాటి పోయింది ఒక్కటేనా వెనక పిల్లలున్నాయా, ఇవన్నీ వంగి చూసి చెప్పగలిగింది వాళ్ళే. తాతలు దొరల కోసం చదివిన దుమ్మునే మనవళ్ళు సర్కారు కోసం చదివారు.

నడుమ కొన్నేళ్ళు అడవిలోకి ఎవరూ వెళ్ళలేని కాలం. నల్లమల నక్సలైట్లకు స్థావరమయ్యాక అటవీ సిబ్బంది లోపలికి అడుగుపెట్టడం తగ్గిపోయింది. గెస్ట్‌హౌసులు పాడుబడ్డాయి, కొన్నిటిని పేల్చేశారు. 2004 అక్టోబరులో శాంతి చర్చల కోసం మావోయిస్టు నాయకులు చిన్న ఆరుట్ల దగ్గర అడవి నుంచి బయటికి వచ్చినప్పుడు నల్లమల పేరు దేశమంతా మోగింది. చర్చలు విఫలమయ్యాయి. తర్వాతి రెండు మూడేళ్ళలో పార్టీ అక్కడినుంచి వెనక్కి తగ్గింది. ఆ ఏళ్ళలో పోలీసులకూ పార్టీకీ నడుమ నలిగింది పెంటలే.

సరిగ్గా అప్పుడే లెక్క పద్ధతి కూడా మారింది. రాజస్థాన్‌లోని సరిస్కాలో పాదముద్రల లెక్కలో ఉన్న పులులు అడవిలో ఒక్కటీ లేవని 2004–05లో బయటపడింది. 2006 నుంచి కెమెరా ఉచ్చులు వచ్చాయి. పులి నడిచే బాటకు అటొకటి ఇటొకటి కెమెరాలు కడతారు. ఎదుట ఏది కదిలినా ఫొటో పడుతుంది. మన వేలిముద్రల్లాగే ఏ రెండు పులుల చారలూ ఒకటి కావు. ఆ ఏడాది దేశంలో తేలినవి 1,411 పులులే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 95, 2010లో 72, 2014లో 68. తర్వాత విడివిడిగా: 2018లో ఆంధ్రలో 48, తెలంగాణలో 26; 2022లో ఆంధ్రలో 63, తెలంగాణలో 21. దేశం మొత్తం 3,682. ఆంధ్ర వైపు పెరుగుదలలో బేస్ క్యాంపుల్లో ఉండి అడవి కాస్తున్న చెంచు వాచర్ల చెమట ఉంది. కెమెరా ఎక్కడ కట్టాలో చెప్పడానికి ఇప్పటికీ బాట తెలిసిన మనిషి కావాలి.

షికారు ఇప్పుడెలా ఉంటుందో చూడాలంటే హైదరాబాదు నుంచి శ్రీశైలం రోడ్డు పట్టుకుని మన్ననూరు దాటాలి. ఫర్హాబాద్ గేటు దగ్గర అటవీ శాఖ వాహనం ఎక్కాలి. సొంత కారును రానివ్వరు. ఆంధ్ర వైపైతే శ్రీశైలం దగ్గర తుమ్మలబయలు ఉంది. ఆత్మకూరు వైపు బైర్లూటిలో రాత్రి బస చేయడానికి గుడారాలున్నాయి. గైడ్లలో, సిబ్బందిలో చెంచు యువకులుంటారు. టికెట్టు డబ్బులో కొంతైనా పెంటకు చేరే దారి ఇది.

పులి కనపడుతుందా అన్నది అందరూ అడిగే మొదటి ప్రశ్న. ఎక్కువసార్లు కనపడదు. రణథంబోర్‌లోలా చిన్న చోట చాలా పులులు ఉన్న అడవి కాదు ఇది; వేల చదరపు కిలోమీటర్ల కొండల్లో పదుల సంఖ్యలో ఉన్న జంతువు. పైగా ఇది మనిషి కంటబడకుండా బతకడం నేర్చుకున్న పులి. జీపులో వచ్చినవాళ్ళు కొందరు నిరాశపడి తిరిగిపోతారు. గైడు పక్కన కూర్చున్నవాళ్ళు మాత్రం ఖాళీచేతుల్తో వెళ్ళరు. దారి పక్క ఇసుకలో ముద్ర చూపిస్తాడు. చెట్టు బెరడు మీద గోళ్ళ గీతలు చూపిస్తాడు. కణితి ఒక్కసారి ‘పాంక్’ అని అరిచి ఊరుకుంటే వేరు, ఆగకుండా అరుస్తుంటే వేరు. కొండముచ్చు ఎటు చూసి అరుస్తోందో పైకి చూడమంటాడు. కొమ్మ మీద పొడుగు తోక వేలాడేసుకున్న బెట్టుడత, పుట్ట తవ్విపోయిన ఎలుగుబంటి ఆనవాళ్ళు, మూడు వారాల కింద వాగు దాటిన రేసుకుక్కల గుంపు కబురు, అన్నీ అతని దగ్గర ఉన్నాయి. నల్లమల సఫారీలో నిజంగా చూడదగ్గది ఈ చదువు. పులి కనపడితే అదృష్టం.

ఈ షికారుకూ హద్దులు అవసరమైనాయి. పులుల రిజర్వుల్లో ప్రధాన అటవీ ప్రాంతానికి పర్యాటకులను రానివ్వడాన్ని 2012 జులైలో సుప్రీంకోర్టు తాత్కాలికంగా ఆపేసింది. ఆ అక్టోబరులో మార్గదర్శకాలతో మళ్ళీ అనుమతించింది: ఆ ప్రాంతంలో 20 శాతానికి మించి పర్యాటకం ఉండకూడదు. కెమెరా పట్టుకున్నవాడు కూడా ఎక్కువైతే అడవికి బరువేనని ఒప్పుకున్న తీర్పు అది.

అసలు పేచీ ఇంకొకటుంది. పులుల కోసం ఊళ్ళు ఖాళీ చేయించే పథకంలో స్వచ్ఛందంగా కదిలే కుటుంబానికి 15 లక్షల రూపాయలు ఇస్తున్నారు. కొన్ని ఊళ్ళు సరేనన్నాయి. పెంటల్లో చాలామంది కదలబోమంటున్నారు. 2006 అటవీ హక్కుల చట్టం వాళ్ళ ఊరుమ్మడి హక్కును గుర్తించింది. వాళ్ళ ఒప్పుదల లేకుండా తరలించడానికి వీల్లేదు. 2019లో అమ్రాబాద్‌లో యురేనియం అన్వేషణకు కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకున్నప్పుడు పెంటలు, పట్నాలు ఒక్కటై ఎదురు నిలబడ్డాయి. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ దానికి వ్యతిరేకంగా తీర్మానం చేసింది. అడవి మీద దెబ్బ పడబోతే ముందుగా నిలబడేది అందులో బతికేవాడేనని అప్పుడు రుజువైంది. ఆ మనిషిని బయటికి పంపి, అతని విద్యను టికెట్టు మీద అమ్మడం న్యాయం కాదు. పెంట ఉంటేనే ఆ విద్య తర్వాతి తరానికి అందుతుంది; పట్నం కాలనీలో పెరిగిన పిల్లవాడికి ఇసుకలో ముద్ర ఎవరు చూపిస్తారు?

నల్లమలకు వెళ్ళేవాళ్ళకు ఒక మనవి. ప్లాస్టిక్ సీసాలు, కవర్లు తీసుకెళ్ళకండి. అమ్రాబాద్‌లో వాటిని నిషేధించారు. దారిలో కోతులకు ఏమీ వేయకండి. జీపులో గైడు పేరు అడగండి, ఏ పెంటవాడో అడగండి, అతను చెప్పేది వినండి. ఫొటో తీసుకుంటే అతన్ని మధ్యలో నిలబెట్టండి. సాయంత్రానికి బయటపడండి. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 గంటలకు గేటు వేస్తారు, మళ్ళీ తీసేది ఉదయం 6 గంటలకు.